మొదటి ట్రాక్ డేకి వెళ్తున్నారా? ల్యాప్ టైమర్ ఇంట్లో పెట్టి వెళ్లండి

కొత్తగా టర్బో హ్యాచ్‌బ్యాక్ కొన్న ప్రతి ఫ్రెండూ ట్రాక్ డేకి పేరు ఇచ్చాక నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "ఏ జీపీఎస్ ల్యాప్ టైమర్ కొనాలి? యాక్షన్ కెమెరా ఏది బెటర్? ఓబీడీ డాంగిల్ పెడితే డేటా బాగా వస్తుందా?"

గ్యాడ్జెట్ సైట్‌లో రాస్తూ ఈ మాట చెప్పడం విచిత్రంగానే ఉంటుంది కానీ నా సమాధానం ఇది: ఏదీ కొనొద్దు. ఫోన్‌లో ఉన్న ఫ్రీ ల్యాప్ టైమర్ యాప్ కూడా ఆన్ చేయొద్దు. మొదటి రోజు మీకు కావాల్సిన సెన్సర్లన్నీ మీ కారులో ముందే ఉన్నాయి. టైమర్‌కి పెట్టే డబ్బులో చిన్న భాగం బ్రేక్ ఆయిల్‌కి, మిగతాది ఇన్‌స్ట్రక్టర్‌కి పెట్టండి. ఎందుకో చెప్తాను.

ట్రాక్ డే అంటే రేస్ కాదు

కొంతమందికి ఇక్కడే కన్‌ఫ్యూజన్. ట్రాక్ డే అంటే ఫీజు కట్టి, సొంత కారుతో, ఎదురుగా ఏ వెహికలూ రాని సర్క్యూట్ మీద డ్రైవ్ చేసే రోజు. సాధారణంగా 15-20 నిమిషాల సెషన్లు ఉంటాయి. కొత్తవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు వేర్వేరు గ్రూపుల్లో వెళ్తారు. పొజిషన్ లేదు, ట్రోఫీ లేదు. ఓవర్‌టేకింగ్ ఎక్కడ పడితే అక్కడ కుదరదు. చాలాచోట్ల స్ట్రెయిట్‌లో మాత్రమే, అది కూడా ముందున్న కారు సైగ చేసి దారి ఇచ్చాకే.

మన తెలుగువాళ్లు ఎక్కువగా చూసేది చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ వైపే. సుమారు 3.7 కిలోమీటర్ల ట్రాక్, 12 మలుపులు. కోయంబత్తూరులో కరి మోటర్ స్పీడ్‌వే ఉంది. ఇంకా పెద్దది కావాలంటే గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్, 5.125 కిలోమీటర్లు. 2011 నుంచి 2013 వరకు ఫార్ములా వన్ జరిగింది అక్కడే.

తిరుపతి, నెల్లూరు వాళ్లకి చెన్నై దగ్గరే. హైదరాబాద్ నుంచి అయితే ఆరు వందల కిలోమీటర్లు పైనే. చాలామంది ఏ కారుతో ట్రాక్ ఎక్కుతారో అదే కారులో ఇంటికి తిరిగి రావాలి. సోమవారం ఆఫీసుకి వెళ్లేది కూడా ఆ కారులోనే. కింద నేను చెప్పేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ల్యాప్ టైమ్ ఎందుకు వద్దంటున్నాను

మొదటి కారణం, ఫోన్ ఇచ్చే డేటా అంత గొప్పది కాదు. చాలా ఫోన్లలో జీపీఎస్ సెకనుకి ఒక్కసారే పొజిషన్ ఇస్తుంది. గంటకి 150 కిలోమీటర్ల స్పీడ్‌లో కారు సెకనుకి దాదాపు 42 మీటర్లు వెళ్తుంది. అంటే రెండు రీడింగుల మధ్య మీరు బ్రేక్ ఎక్కడ వేశారో, ఎక్కడ వదిలారో ఫోన్‌కి తెలియదు. మధ్యలో ఉన్నది యాప్ లెక్కగట్టి పూరిస్తుంది. డ్యూయల్ ఫ్రీక్వెన్సీ జీపీఎస్ ఉన్న ఫోన్ అయితే పొజిషన్ ఇంకొంచెం కచ్చితంగా వస్తుందేమో కానీ, ఆ సెకను గ్యాప్ అలాగే ఉంటుంది. ట్రాక్ కోసమే తయారైన 10 హెర్ట్జ్, 25 హెర్ట్జ్ రిసీవర్లు ఈ సమస్య తీరుస్తాయి. 25 హెర్ట్జ్ దాంట్లో అదే స్పీడ్‌కి రెండు రీడింగుల మధ్య గ్యాప్ రెండు మీటర్ల లోపే.

అయితే మంచి రిసీవర్ కొంటే సరిపోతుందా? సరిపోదు. ఎందుకంటే రెండో కారణం మీరే. మొదటి రోజు మీ రెండు ల్యాప్‌లు ఒకేలా ఉండవు. ఒక ల్యాప్‌లో ముందు స్లో కారు ఉంటుంది, ఇంకో ల్యాప్‌లో యెల్లో ఫ్లాగ్ వస్తుంది, మరో ల్యాప్‌లో గేర్ మారుస్తూ తడబడతారు. టైమ్ నాలుగు సెకన్లు తగ్గితే అది మీ డ్రైవింగ్ వల్లో, ట్రాఫిక్ లేకపోవడం వల్లో చెప్పలేం. ప్రోగ్రామ్ సరిగ్గా రన్ అవ్వకముందే బెంచ్‌మార్క్ స్కోర్ కోసం దాన్ని ఆప్టిమైజ్ చేసేవాడిని కోడ్ రివ్యూలో ఏమంటామో మనకి తెలుసు. ఇదీ అంతే.

మూడో కారణం అసలైనది. స్క్రీన్ మీద నంబర్ కనిపిస్తే మనం దాన్ని తగ్గించకుండా ఉండలేం. అంటుటు స్కోర్ కోసం ఫోన్‌ని ఫ్రిజ్‌లో పెట్టిన బ్యాచ్ మనది! కొత్త డ్రైవర్‌కి టైమ్ తగ్గించడానికి తెలిసిన దారి ఒక్కటే, బ్రేక్ ఇంకా లేటుగా వేయడం. ట్రాక్ మీద కారు చెయ్యి దాటిపోయే చోటు కూడా సరిగ్గా అదే. బ్రిటన్‌లో చాలా ట్రాక్ డేల్లో ల్యాప్ టైమింగ్‌నే నిషేధిస్తారు. టైమ్ చూడటం మొదలైన క్షణం నుంచి ట్రాక్ డే రేస్ అయిపోతుందని వాళ్లకి తెలుసు కాబట్టి.

ఒక్క బ్రేక్‌లో 12 ఫోన్ బ్యాటరీలు

ఇప్పుడు మన భాషలో ఒక లెక్క. 1,200 కిలోల కారు 150 కిలోమీటర్ల స్పీడ్ నుంచి 60కి తగ్గాలంటే దాదాపు 8,75,000 జౌళ్ల శక్తి బయటికి పోవాలి. 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో ఉండేది సుమారు 69,000 జౌళ్లు. అంటే ఒక్క మలుపు ముందు మీరు వేసే ఒక్క బ్రేక్, 12 ఫోన్ బ్యాటరీలకి పైగా శక్తిని నాలుగైదు సెకన్లలో వేడిగా మారుస్తుంది. 65 వాట్ల ఫాస్ట్ చార్జర్‌తో ఇంత శక్తి నింపాలంటే మూడున్నర గంటలు పైనే పడుతుంది. ట్రాక్ మీద ల్యాప్‌కి మూడు నాలుగు సార్లు గట్టిగా బ్రేక్ వేస్తారు, అలా ఒక సెషన్‌లో ఆరేడు ల్యాప్‌లు. ఆ వేడిలో ఎక్కువ భాగం మోయాల్సింది డిస్కులు, ప్యాడ్లు.

ఫోన్ వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తనే స్పీడ్ తగ్గించుకుంటుంది. గేమ్‌లో ఫ్రేమ్‌లు పడిపోతాయి, అంతే. బ్రేకులకి అలాంటి థ్రాటలింగ్ లేదు. హద్దు దాటాక పట్టు తగ్గిపోతుంది, మీరు మాత్రం అదే స్పీడ్‌లో మలుపు మీదకి వెళ్తూ ఉంటారు.

ఇందులో ఎక్కువమంది పట్టించుకోనిది బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది స్టాండర్డ్. అదే ఆయిల్ 3.7 శాతం నీళ్లు పీల్చుకున్నాక ఆ హద్దు 155 డిగ్రీలకి పడిపోతుంది. డాట్ 3 అయితే 205, 140. ఆయిల్ మరిగితే లోపల ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి బ్రేక్ దాకా వెళ్తుంది, బుడగని నొక్కితే బుడగే కుంచించుకుపోతుంది. పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, కారు మాత్రం ఆగదు.

మూడేళ్లుగా ఆయిల్ మార్చని కారు సిటీ ట్రాఫిక్‌లో ఏ తేడా చూపించదు. ఐదో ల్యాప్‌లో చూపిస్తుంది. అందుకే ట్రాక్ డేకి వారం ముందు బ్రేక్ ఆయిల్ పూర్తిగా మార్పించి, లైన్లలో గాలి లేకుండా బ్లీడ్ చేయించండి. మీ కారు మాన్యువల్ ఒప్పుకుంటే డాట్ 5.1 ఇంకా మంచిది, కొత్తగా ఉన్నప్పుడు దాని హద్దు 260 డిగ్రీలు. కానీ డాట్ 5 అని రాసి ఉన్నది వేరు, అది సిలికాన్ ఆయిల్. మిగతావాటితో కలపకూడదు. ఒక్క పాయింట్ తేడాయే కదా అనుకుంటే కొంప మునుగుతుంది. ప్యాడ్లు సగం కంటే ఎక్కువ అరిగి ఉంటే అవి కూడా మార్చేయండి.

దీని ఖర్చు ఎంత? ఆయిల్ బాటిల్ కొన్ని వందలు, దానికి లేబర్. మంచి జీపీఎస్ టైమర్ అయితే వేలల్లో ఉంటుంది. ఇప్పుడు చెప్పండి, ఏది అప్‌గ్రేడ్?

ఏది ఆన్, ఏది ఆఫ్

యూట్యూబ్ వీడియోలు చూసి వచ్చినవాళ్లు ట్రాక్ ఎక్కగానే చేసే మొదటి పని ట్రాక్షన్ కంట్రోల్, ఈఎస్‌సీ ఆఫ్ చేయడం. "అది ఉంటే ఫన్ ఉండదు బ్రో" అంటారు. దయచేసి ఆన్‌లోనే ఉంచండి. ఈఎస్‌సీ స్టీరింగ్ కోణం, చక్రాల స్పీడ్, కారు తిరుగుతున్న వేగం అన్నీ పోల్చి చూసి, కారు మీరు తిప్పిన వైపు కాకుండా వేరే వైపు పోతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేసి సరిచేస్తుంది. ఆ పని చేస్తున్నప్పుడు డ్యాష్‌బోర్డ్ మీద చిన్న పసుపు లైట్ మినుకుమంటుంది.

నా దృష్టిలో మొదటి రోజుకి అంతకన్నా మంచి టెలిమెట్రీ లేదు. లైట్ వెలిగిందంటే మీరు ఏదో ఒకటి ఎక్కువ చేశారు. స్టీరింగ్ ఎక్కువ తిప్పారు, లేదా యాక్సిలరేటర్ తొందరగా తొక్కారు, లేదా మలుపులోకి స్పీడ్ ఎక్కువ తీసుకెళ్లారు. ఏ మలుపులో వెలిగిందో గుర్తు పెట్టుకుని, సెషన్ అయ్యాక ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పండి. ఇంకో సంగతి, ఈఎస్‌సీ మాటిమాటికీ పని చేస్తే బ్రేకులు ఇంకా వేడెక్కుతాయి. అంటే లైట్ తక్కువ వెలిగేలా నడిపితే కారుకీ మంచిదే.

అడాస్ సంగతి వేరు. లేన్ కీప్ అసిస్ట్, ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్ రోడ్డు కోసం చేసినవి. ట్రాక్ అంచు దాకా వెళ్లి తిరిగే లైన్‌ని లేన్ అసిస్ట్ తప్పుగా అర్థం చేసుకుని స్టీరింగ్ లాగవచ్చు. ముందు కారుకి దగ్గరగా వెళ్తే ఎమర్జెన్సీ బ్రేక్ పడవచ్చు, వెనక ఇంకో కారు ఉంటుంది. ఈ రెండూ ఆఫ్ చేయండి. ఎలా చేయాలో మాన్యువల్‌లో ఇంటి దగ్గరే చూసుకోండి, పిట్ లేన్‌లో లైన్‌లో నిలబడి టచ్‌స్క్రీన్ మెనూల్లో వెతుక్కోవద్దు. తిరిగి రోడ్డెక్కే ముందు మళ్లీ ఆన్ చేయడం మర్చిపోవద్దు.

టైర్లలో గాలి: పది నిమిషాల పని

పొద్దున చల్లగా ఉన్నప్పుడు 33 పీఎస్ఐ పెట్టిన టైర్, లోపలి గాలి 30 డిగ్రీల నుంచి 70కి వేడెక్కితే 39 దాకా వెళ్తుంది. ఇంటర్‌లో చదివిన గ్యాస్ లాసే. గాలి ఎక్కువైతే టైర్ మధ్యలో ఉబ్బి, రోడ్డుని పట్టుకునే భాగం తగ్గుతుంది. అందుకే సెషన్ అయి పిట్‌లోకి రాగానే, టైర్ వేడిగా ఉండగానే కొలిచి, ఇన్‌స్ట్రక్టర్ చెప్పినంత వదలాలి. దీనికి కావాల్సింది ఒక డిజిటల్ ప్రెషర్ గేజ్. ఈ ఆర్టికల్ మొత్తంలో నేను కొనమని చెప్పే గ్యాడ్జెట్ ఇదొక్కటే.

సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు టైర్లు చల్లారాక మళ్లీ కంపెనీ చెప్పినంత గాలి పెట్టించుకోండి. ట్రాక్‌లో వదిలిన గాలితోనే హైవే ఎక్కితే, చల్లారిన టైర్లో ప్రెషర్ ఉండాల్సిన దానికంటే బాగా తక్కువ ఉంటుంది. ఆ టైర్లతో రాత్రంతా హైవే మీద ప్రయాణం చేయకూడదు.

ఫోన్, కెమెరా ఎక్కడ ఉండాలి

ఫోన్ జిప్ ఉన్న జేబులోనో, పిట్‌లో మీ బ్యాగులోనో ఉండాలి. డ్యాష్‌బోర్డ్ మీద మాత్రం వద్దు. యాపిల్ తన ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమంటుంది. చెన్నై ఎండలో అద్దం కింద ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు. స్క్రీన్ డిమ్ అవుతుంది, తర్వాత వార్నింగ్ వచ్చి ఆగిపోతుంది. అంతకంటే ముఖ్యం, మలుపులో మౌంట్ ఊడితే 200 గ్రాముల ఫోన్ ఎటు ఎగురుతుందో తెలియదు. పెడల్స్ కింద పడితే?

అదే లెక్కతో వాటర్ బాటిల్, డిక్కీలో సామాను, స్టెప్నీ పక్కన ఉండే జాకీ, డ్రైవర్ కాళ్ల దగ్గర మ్యాట్ అన్నీ బయటికి తీసేయండి.

కెమెరా పెట్టాలనుంటే ఆర్గనైజర్‌ని అడిగి, గట్టిగా బిగించి, తాడు కూడా కట్టి పెట్టండి. రీల్ కోసం ముఖం వైపు పెట్టొద్దు. వెనక నుంచి మీ చేతులు, ముందు అద్దం రెండూ కనిపించేలా పెడితే సాయంత్రం చూసుకున్నప్పుడు ఏదైనా నేర్చుకోవచ్చు.

సంతకం పెట్టే ముందు చదవండి

మనం "ఐ అగ్రీ" నొక్కే అలవాటుతో బతుకుతున్నాం. ట్రాక్ డే ఇండెమ్నిటీ ఫారం దగ్గర ఆ అలవాటు పనికిరాదు. మన కారు పాలసీల్లో "లిమిటేషన్స్ యాజ్ టు యూజ్" అనే క్లాజ్ ఉంటుంది. ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్‌కి వాడితే కవర్ లేదని అందులో స్పష్టంగా రాస్తారు. ట్రాక్ డే రేస్ కాదని మీరు వాదించవచ్చు, కానీ ఆ వాదన గెలుస్తామన్న నమ్మకంతో పది లక్షల కారుని పణంగా పెట్టకండి. ముందే కంపెనీకి మెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. బారియర్ డ్యామేజ్ అయితే ఎవరు కట్టాలో ఫారంలో చూడండి. ఈఎంఐ ఇంకా నాలుగేళ్లు ఉన్న కారు అయితే, ఆ కారు పోయినా ఈఎంఐ పోదు. ఆ నష్టం తట్టుకోలేమనిపిస్తే ఆర్గనైజర్ కారు అద్దెకి ఇస్తారేమో అడగండి, లేదా కార్టింగ్‌తో మొదలుపెట్టండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

మరి డేటా అక్కర్లేదా?

ఇక్కడ కొందరు ఒప్పుకోరని తెలుసు. "ప్రొఫెషనల్ డ్రైవర్లంతా డేటా చూసే కదా నేర్చుకుంటారు" అంటారు. నిజమే. కానీ వాళ్లు ల్యాప్ తర్వాత ల్యాప్ ఒకేలా నడపగలిగాక డేటా చూస్తారు. అప్పుడు చిన్న మార్పు చేస్తే దాని ఫలితం కనిపిస్తుంది. మీరు ఆ స్థాయికి మూడో ట్రాక్ డేకి వస్తారో, ఐదో దానికి వస్తారో మీ ఇష్టం. అప్పుడు 25 హెర్ట్జ్ రిసీవర్ కొనండి, ఏది కొనాలో నేనే చెప్తాను.

మొదటి రోజు మాత్రం పక్క సీట్లో మనిషి కావాలి. "చూపు ఇంకా దూరం పెట్టు", "బ్రేక్ స్టీరింగ్ తిప్పకముందే అయిపోవాలి", "మలుపు సగం దాటాక మెల్లగా యాక్సిలరేటర్" అని అప్పటికప్పుడు చెప్పే యాప్ ఇంకా నా ఫోన్‌లోకి రాలేదు. టైర్‌కి ఉన్న పట్టు ఒక బ్యాటరీ పర్సంటేజ్ లాంటిది. బ్రేక్‌కి మొత్తం వాడేస్తే తిరగడానికి ఏమీ మిగలదు. ఈ మాట చదివితే అర్థమవుతుంది, ఒంటికి పట్టాలంటే మాత్రం పక్కన కూర్చుని చెప్పేవాళ్లు ఉండాలి.

ఫ్లాగ్‌లు కూడా ముందే నేర్చుకుని వెళ్లండి. యెల్లో అంటే ముందు ప్రమాదం ఉంది, స్లో అవ్వాలి, ఓవర్‌టేక్ చేయకూడదు. రెడ్ అంటే సెషన్ ఆపేశారు, జాగ్రత్తగా పిట్‌కి రావాలి. బ్లూ అంటే వెనక స్పీడ్‌గా ఉన్న కారు వస్తోంది. చెకర్డ్ అంటే సెషన్ అయిపోయింది. పొద్దున బ్రీఫింగ్‌లో ఆ ట్రాక్ రూల్స్ విడిగా చెప్తారు, అది మిస్ అవ్వొద్దు. మార్షల్ చేతిలోని జెండాని మించిన నోటిఫికేషన్ ఆ రోజు ఇంకేదీ లేదు.

నా వెర్డిక్ట్

డబ్బు పెట్టాల్సిన వరుస ఇది:

1. కొత్త బ్రేక్ ఆయిల్, అవసరమైతే ప్యాడ్లు.
2. ఇన్‌స్ట్రక్టర్‌తో కనీసం రెండు సెషన్లు.
3. ఆర్గనైజర్ ఒప్పుకునే ఫుల్ ఫేస్ హెల్మెట్, కాటన్ ఫుల్ హ్యాండ్స్ షర్ట్, పలచని అడుగు ఉన్న షూ.
4. టైర్ ప్రెషర్ గేజ్.
5. తాగడానికి బోలెడన్ని నీళ్లు.

ల్యాప్ టైమర్ ఈ లిస్టులో లేదు.

సెషన్ చివరి ల్యాప్ బ్రేకులు దాదాపు వాడకుండా మెల్లగా తిరగండి, డిస్కులకి గాలి తగలాలి. పిట్‌లో ఆపాక హ్యాండ్‌బ్రేక్ లాగకండి, గేర్‌లో వేసి చక్రాల కింద అడ్డు పెట్టండి. ఒళ్లు కాలుతున్న డిస్కుని ప్యాడ్లతో పట్టి ఉంచితే రెండూ పాడవుతాయి. అలసిపోతే చివరి సెషన్ వదిలేయండి. డబ్బులు కట్టాం కదా అని ఎక్కే సెషన్‌లో చేతులు మాట వినవు.

లెక్క పెట్టుకోకుండా ఉండలేమంటే ఒకటి లెక్కపెట్టండి: ఈఎస్‌సీ లైట్ వెలగకుండా, ఒక్కసారి కూడా కంగారుగా బ్రేక్ వేయకుండా వరసగా ఎన్ని ల్యాప్‌లు చేశారు? పొద్దున సున్నా ఉన్నది సాయంత్రానికి మూడైతే అదే మీ స్కోర్. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఇన్‌స్టాలో పెట్టలేరు నిజమే. కానీ సోమవారం పొద్దున అదే కారులో ఆఫీసుకి వెళ్తారు.